నడక నేర్చిన బిడ్డతో రెండు రోజుల పట్నం



రెండో శనివారం, ఆదివారం కలిసి వచ్చాయంటే మన ఘన్‌పూర్ స్టేషన్‌లో చంటిపిల్లలను ఎత్తుకున్న కుటుంబాలు ఎక్కువగా కనిపిస్తాయి. 2016 అక్టోబరులో మన మండలం వరంగల్ జిల్లా నుంచి జనగామ జిల్లాలోకి మారింది గానీ, రెండు రోజులు సెలవు దొరికితే హైదరాబాదు పోయి రావాలనే కోరిక మాత్రం మారలేదు. చార్మినార్ చూడాలి, జూ చూడాలి, ట్యాంక్‌బండ్ మీద తిరగాలి, చుట్టాలను పలకరించాలి, వీలైతే బట్టలు కొనాలి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. ఇదీ మామూలుగా వేసుకునే ప్రణాళిక.

సోమవారం ఉదయం మా పిల్లల ఓపీలో ఇటువంటి కుటుంబాలు కొన్ని కనిపిస్తుంటాయి. బిడ్డకు విరేచనాలు, లేదా జ్వరం, లేదా రెండు రోజులుగా తిండి ముట్టకపోవడం. "పట్నం నీళ్ళు పడలేదు సిస్టర్" అంటారు. నీళ్ళ మాట కొంతవరకు నిజమే. కానీ బిడ్డ ఎప్పుడు పడుకుంది, ఏ వేళకు ఏం తిన్నది, ఎండలో ఎంతసేపు ఉన్నది అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఆ రెండు రోజుల్లో ఎవరి పనులు వారికి కుదిరాయి, బిడ్డకు మాత్రం ఏదీ వేళకు కుదరలేదు.

అందుకే ఈ నెల మా నర్సింగ్ విభాగం తరఫున ఒక మాట చెప్పదలచుకున్నాము. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు బిడ్డను పట్నం తీసుకుపోవచ్చు. అయితే ప్రయాణం పెద్దల కోరికల జాబితా ప్రకారం కాక బిడ్డ ఆకలి, నిద్ర ప్రకారం నడవాలి. రోజుకు ఒక్క చోటు చాలు. మధ్యాహ్నం నిద్ర తప్పకూడదు. ఈ రెండూ ఒప్పుకోలేకపోతే బిడ్డ ఇంకొంచెం పెద్దయ్యేదాకా ఆగడమే మంచిది.

అసలు తీసుకుపోవచ్చా?

"మూడేళ్ళు నిండేదాకా బిడ్డను ఊరు దాటించొద్దు" అని కొందరు పెద్దలు అంటారు. వారి భయం ప్రేమలోంచి వచ్చిందే, కాదనము. కానీ ఆ మాటను పూర్తిగా పాటిస్తే ఇంట్లో కట్టుబడిపోయేది బిడ్డ కాదు, తల్లి. కాన్పు అయినప్పటి నుంచి ఇల్లు, పాలు, ఉతుకుడు, ఆసుపత్రి తప్ప మరేమీ చూడని చిన్న వయసు తల్లులు మా దగ్గరకు రోజూ వస్తారు. బిడ్డ బాగానే ఉంటుంది, తల్లి ముఖంలో మాత్రం కళ ఉండదు. వారికి రెండు రోజులు వేరే గాలి, నలుగురి పలకరింపు మందులాగా పని చేస్తాయి. బిడ్డకు కూడా కొత్త మనుషులు, కొత్త చప్పుళ్ళు, కొత్త జంతువులు చూడడం మంచిదే.

కాబట్టి వద్దనడం మా ఉద్దేశం కాదు. తల్లికి విశ్రాంతి కోసం వేసుకున్న ప్రయాణం ఆమెకే రెట్టింపు చాకిరీ అయి తిరిగి రాకూడదనేదే మా పట్టుదల.

బిడ్డ నిద్రకు లెక్క ఉంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ళ బిడ్డకు రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు 10 నుంచి 13 గంటలు కావాలి. ఇందులో పగటి నిద్ర కూడా కలిసే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి రైలెక్కించి, పగలంతా తిప్పి, రాత్రి పదకొండింటికి చుట్టాల ఇంట్లో పడుకోబెడితే ఆ లెక్కలో సగం కూడా పూర్తి కాదు. నిద్ర చాలని బిడ్డ తినదు, పాలు తాగదు, ఊరికే ఏడుస్తుంది. "మొండికేస్తున్నాడు" అని పెద్దలు విసుక్కుంటారు. అది మొండితనం కాదు, అలసట. మాటలు రాని బిడ్డ అలసిపోయానని చెప్పే పద్ధతి అదొక్కటే.

బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. రెండేళ్ళ బిడ్డ సుమారు 11, 12 కిలోలు ఉంటుంది. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలో ఇంచుమించు సగం. నడక వచ్చింది కదా, నడుస్తాడులే అనుకుంటాము. పది అడుగులు నడిచి చేతులు చాస్తాడు. ఆ సగం బస్తాను రోజంతా ఎవరు మోస్తారో ఇంట్లోనే మాట్లాడుకోవాలి. ఎక్కువ కుటుంబాల్లో ఆ మాటే రాదు. తల్లి మోస్తుందని అందరూ అనుకుంటారు.

బయలుదేరే ముందు

మన దగ్గర టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు. శనివారమే ప్రయాణం పెట్టుకున్నవారు టీకా మానేసి పోతున్నారు. అది సరికాదు. 16 నుంచి 24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టర్, రెండో ఎంఆర్ టీకా వంటివి ముందుగా వచ్చే బుధవారమే వేయించండి. డీపీటీ తర్వాత జ్వరం వస్తే సాధారణంగా ఒకటి, రెండు రోజుల్లో తగ్గిపోతుంది. టీకాల కార్డును సంచిలో పెట్టుకోండి. పట్నంలో ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదట అడిగేది అదే.

బయలుదేరే నాటికి బిడ్డకు జ్వరం, విరేచనాలు, ఆయాసం ఉంటే ప్రయాణం మానుకోవాలి. టికెట్టు డబ్బులు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు.

సంచిలో ఇవి ఉంటే చాలు: మూడు నాలుగు జతల నూలు బట్టలు, ఒక పాత చీర ముక్క, బిడ్డ వాడే గ్లాసు, చెంచా, కాచి చల్లార్చిన నీళ్ళు, సబ్బు ముక్క, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం మందు, బిడ్డకు అలవాటైన బొమ్మ లేదా దుప్పటి. ఈ చివరిదాన్ని చిన్నచూపు చూడకండి. కొత్త ఇంట్లో రాత్రి నిద్ర పట్టాలంటే తెలిసిన వాసన ఉన్న దుప్పటి ఎంతో సాయం చేస్తుంది.

రైలు, బస్సు, బండి

మనకు రైలే హాయి. అయిదేళ్ళ లోపు పిల్లలకు విడిగా సీటు అడగకపోతే టికెట్టు అక్కరలేదు. బిడ్డ లేచి నిలబడవచ్చు, ఒళ్ళో పడుకోవచ్చు, కిటికీలోంచి జనగామ, ఆలేరు, భువనగిరి చూసుకుంటూ పోవచ్చు. అన్ని రైళ్ళూ మన స్టేషన్‌లో ఆగవు కాబట్టి తెల్లవారుజామున దొరికే మొదటి రైలు పట్టుకోవాలని చాలామంది తొందరపడతారు. బిడ్డ తనంతట తాను లేచి, ఇంత తిని, దొడ్డికి వెళ్ళిన తర్వాత దొరికే రైలే మీ రైలు అనుకోండి. రెండు గంటలు ఆలస్యమైతే చార్మినార్ ఎక్కడికీ పోదు. 1591 నుంచి అక్కడే ఉంది.

ఇంకొక సంగతి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైన తర్వాత కొన్ని రైళ్ళను సికింద్రాబాద్ నుంచి అక్కడికి మార్చారు. మీ రైలు ఎక్కడిదాకా పోతుందో ముందే అడిగి తెలుసుకోండి. నిద్రపోతున్న బిడ్డను, సంచులను పట్టుకుని అనుకోని స్టేషన్‌లో దిగి ఆటో వెతుక్కోవడం కంటే ఇబ్బంది మరొకటి లేదు. కదులుతున్న రైలు ఎక్కడం, దిగడం ఎంతమాత్రం వద్దు. దిగేటప్పుడు ముందు ఒక పెద్దమనిషి దిగాలి, తర్వాత బిడ్డను అందుకోవాలి, సంచులు చివర. మన వాళ్ళు ముందు సంచులు దించుతారు.

బస్సులో పోయేవారికి రెండు సౌకర్యాలు ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. ఇక ఉప్పల్‌లో దిగితే అక్కడే మెట్రో రైలు ఎక్కవచ్చు. 2017 నవంబరులో మొదలైన ఈ మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి. బిడ్డను ఎత్తుకున్నవారు ఎస్కలేటర్ జోలికి పోకుండా లిఫ్టులోనే పోవాలి. బస్సులో వాంతులయ్యే బిడ్డకు బయలుదేరే ముందు కడుపు నిండా పాలు పట్టకండి. ఒక గంట ముందు తేలికగా ఇడ్లీ పెట్టి, ముందు సీట్లలో కూర్చోండి.

ఊళ్ళ నుంచి స్టేషన్ దాకా బైకు మీద వచ్చేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. బిడ్డను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టడం మనకు మామూలైపోయింది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ లోపు పిల్లలను బైకు మీద తీసుకుపోతే నడిపేవారికి కట్టి ఉండే రక్షణ పట్టీ, పిల్లలకు హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఒక్కసారి బ్రేకు వేస్తే ట్యాంకు మీది బిడ్డకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సొంత కారులో పోయేవారు కూడా బిడ్డను ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకోవద్దు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టు లేదా పిల్లల సీటు తప్పనిసరి అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

ఏం చూడాలి, ఏం వదలాలి

జూపార్కు 1963లో తెరిచారు. సుమారు 380 ఎకరాలు. అంతా చూపించాలనుకుంటే పెద్దవాళ్ళ కాళ్ళే పోతాయి. ఉదయం గేటు తీసే వేళకు వెళ్ళి ఏనుగు, కోతులు, పక్షులు చూపించి, ఎండ ముదరకముందే బయటపడండి. బ్యాటరీ బండి ఎక్కితే నడక తగ్గుతుంది. సోమవారం జూకు సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. శని, ఆదివారాల్లో పోయేవారికి ఆ ఇబ్బంది లేదు గానీ జనం ఎక్కువ. మ్యూజియంలో గదులన్నీ తిరగనవసరం లేదు. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ఉంది. కొన్ని నిమిషాలు ముందుగా వెళ్ళి కూర్చుని అది చూపిస్తే బిడ్డకు అదే పెద్ద సంబరం.

చార్మినార్‌ను కింద నుంచే చూపించండి. ఇరుకు మెట్ల మీద బిడ్డను ఎత్తుకుని ఎక్కడం, దిగడం మంచిది కాదు. గోల్కొండ పైదాకా ఎక్కడం కూడా అయిదారేళ్ళు వచ్చాక పెట్టుకోవచ్చు. సాయంత్రం హుస్సేన్‌సాగర్ ఒడ్డున గాని, నాంపల్లి దగ్గర పబ్లిక్ గార్డెన్స్‌లో గాని గడ్డి మీద వదిలితే బిడ్డ గంటసేపు తనంతట తాను ఆడుకుంటుంది. ఖర్చు లేనిది, బిడ్డకు ఎక్కువ నచ్చేది అదే.

1938లో మొదలైన నుమాయిష్‌కు జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన వైపు నుంచి కూడా చాలామంది పోతారు. ఆదివారం సాయంత్రం అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. దుమ్ము, చప్పుడు, లైట్లు, పైగా మోకాళ్ళ ఎత్తున ఉన్న బిడ్డకు కనిపించేది కాళ్ళు మాత్రమే. నడక నేర్చిన బిడ్డతో అక్కడికి శని, ఆదివారాల్లో పోవద్దని మా సలహా. కొత్త సినిమా విడుదల రోజు థియేటర్ల వైపు కూడా పోవద్దు. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర సంధ్య థియేటర్‌లో జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ కుటుంబం చేసిన తప్పేమీ లేదు. జనం ఒక్కసారి తోసుకుంటే ఎత్తుకున్న చేతులు కూడా బిడ్డను ఆపలేవు, అందుకని చెబుతున్నాము.

తిండి, నీళ్ళు

తల్లిపాలు తాగుతున్న బిడ్డకు ప్రయాణంలో అంతకంటే శుభ్రమైన ఆహారం లేదు. రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చు. రైల్లో పాలివ్వడానికి సిగ్గుపడి బిస్కెట్లతో సరిపెట్టే తల్లులు ఉన్నారు. పక్కనున్న పెద్దలు కొంగు అడ్డం పట్టి ధైర్యం చెప్పాలి గాని "ఇంత పెద్దయ్యాక ఇంకా ఏం పాలు" అని వెక్కిరించకూడదు.

మూడేళ్ళ లోపు పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్రయాణానికి బాగా పనికొస్తుంది. ఒక డబ్బాలో పొడిగా తీసుకుపోయి, తినిపించే వేళకు కాచి చల్లార్చిన నీళ్ళతో కలపవచ్చు. అరటిపండు తన తొక్కలో తానే శుభ్రంగా ఉంటుంది. ఇడ్లీ పరవాలేదు. పొద్దున వండిన పప్పన్నం, పాలు కలిపిన అన్నం ఎండలో మధ్యాహ్నం దాకా ఉంచి పెట్టకండి. వండిన తిండి రెండు గంటలు దాటితే, ఎండాకాలంలో ఇంకా ముందే, పారేయడమే మేలు.

రైల్లో అమ్మే పల్లీలు, బఠానీలు, శనగలు చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. నాలుగైదేళ్ళు వచ్చేదాకా ఆ గింజలు గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. కదిలే రైల్లో, నవ్వుతూ ఏడుస్తూ ఉన్నప్పుడు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ద్రాక్షపండ్లను నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టాలి. గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ఏం చేయాలో మా పిల్లల వార్డు సిస్టర్లను అడగండి, చేసి చూపిస్తారు.

అన్నిటికంటే ముఖ్యం చేతులు. రైలు తలుపు, మెట్రో కడ్డీ, జూ గేటు పట్టుకున్న చేతితోనే బిడ్డ బొటనవేలు చీకుతుంది. తినిపించే ముందు మీ చేతులు, బిడ్డ చేతులు సబ్బుతో కడగండి. సోమవారం ఓపీకి వచ్చే విరేచనాల్లో చాలావరకు ఈ ఒక్క పనితో ఆగుతాయి.

సంచిలో మందులు

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పట్టాలి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు అని రాసి ఉందో అన్ని నీళ్ళలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్ళు దాటితే 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా తాగించాలి. తల్లిపాలు, తిండి ఆపకూడదు. ఇంటికి వచ్చాక జింకు మాత్రలు 14 రోజులు వాడాలి.

కొనేటప్పుడు జాగ్రత్త. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలు చాలా ఏళ్ళు దుకాణాల్లో అమ్ముడయ్యాయి. అవి తాగితే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పొడి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉందో లేదో చూసి, మందుల దుకాణంలోనే కొనండి.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పవలసిన మాట. రైల్లో బిడ్డ ఏడవకుండా పడుకుంటుందని జలుబు సిరప్ పట్టే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. అది నిద్ర కాదు, మత్తు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు చనిపోయారు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్చరించింది. ఏడ్చే బిడ్డకు కావలసింది ఒడి, పాలు, కాసేపు కిటికీ. తోటి ప్రయాణికులు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. వారు కూడా ఒకప్పుడు ఏడ్చిన పిల్లలే.

జ్వరం మందు సిరప్‌లు వేరు వేరు బలంతో వస్తాయి. ఒక సీసాలో అయిదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉంటే ఇంకో సీసాలో 250 ఉంటుంది. అందుకే పక్కింటి వారి సీసా తీసుకుపోకుండా, బిడ్డ బరువు తూయించి ఏ సీసాలోంచి ఎంత పట్టాలో డాక్టరుతో రాయించుకోండి.

చుట్టాల ఇల్లు

పట్నంలో చిన్నమ్మ ఇల్లో, మేనత్త ఇల్లో ఉంటే హోటలు ఖర్చు తప్పుతుంది. కానీ అది పిల్లలు లేని ఇల్లు అయితే బిడ్డకు అందేలా ఎన్నో వస్తువులు ఉంటాయి. ఇక్కడ మన గడప దాటితే వాకిలి. అక్కడ గడప దాటితే నాలుగో అంతస్తు. వెళ్ళగానే చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కున్న తర్వాత చేయవలసిన మొదటి పని ఇల్లంతా ఒకసారి చూడడం. బాల్కనీలో ఎక్కడానికి వీలైన కుర్చీ, పూలకుండీ ఉన్నాయా? బాత్‌రూంలో నీళ్ళు నిండిన బకెట్ ఉందా? తాత బీపీ, షుగరు మాత్రలు ఎక్కడ ఉన్నాయి? ఫినాయిలు, దోమల మందు సీసా కింద ఉన్నాయా? సగం బకెట్ నీళ్ళలో తల కిందులుగా పడిన బిడ్డ తనంతట తాను లేవలేదు. ఇంటివారు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, నవ్వుతూ అడిగి సర్దించండి.

కొత్త ముఖాలు చూసి బిడ్డ తల్లిని కరుచుకుపోతే "అయ్యో, అలవాటు చేయలేదా" అని లాక్కుని ఎత్తుకోవద్దు. ఏడాది, ఏడాదిన్నర వయసులో ఆ భయం ఉండడం ఎదుగుదలలో భాగమే. కాసేపు దూరంగా కూర్చుని మాట్లాడితే బిడ్డే దగ్గరికి వస్తుంది.

ఎవరి డ్యూటీ?

ఆసుపత్రిలో డ్యూటీ మారేటప్పుడు నర్సులు ఒక పద్ధతి పాటిస్తారు. వెళ్ళే సిస్టర్ వచ్చే సిస్టర్‌కు ఒక్కొక్క రోగిని చూపించి నోటితో అప్పగించిన తర్వాతే వార్డు దాటుతుంది. "ఎవరో చూస్తారులే" అనే మాటకు అక్కడ చోటు లేదు. ఈ పద్ధతిని ప్రయాణంలో మీరు కూడా పాటించమని కోరుతున్నాము.

నలుగురు పెద్దలు ఉన్నచోటనే బిడ్డ తప్పిపోతుంది. తల్లి నాయనమ్మ దగ్గర ఉందనుకుంటుంది, నాయనమ్మ తండ్రి దగ్గర ఉందనుకుంటుంది, తండ్రి టికెట్ల వరుసలో ఉంటాడు. అందుకని ఒక్కో గంటకు ఒక్కరే బాధ్యులుగా ఉండాలి. మారేటప్పుడు "బిడ్డ ఇప్పుడు నీ దగ్గర" అని పైకి చెప్పాలి, అవతలివారు "నా దగ్గర" అని పలకాలి. ఆ గంటలో వారు ఫోను చూడకూడదు. ఇలా చేస్తే తల్లికి కూడా రోజులో మూడు నాలుగు గంటలు చేతులు ఖాళీ అవుతాయి. తాను కూడా చార్మినార్‌ను తలెత్తి చూసుకుంటుంది. తండ్రులకు మా మనవి: టికెట్లు తీయడం, సంచి మోయడం వరకే మీ డ్యూటీ అనుకోకండి. బట్ట మార్చడం, అన్నం తినిపించడం మీకు కూడా వస్తాయి, రాకపోతే బయలుదేరే ముందు వారం నేర్చుకోండి.

ఉదయమే బిడ్డకు ఆ రోజు వేసిన బట్టలతో ఫోనులో ఒక ఫోటో తీయండి. బిడ్డ జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. పేరు పైకి కనిపించేలా రాయవద్దు. తప్పిపోతే రైల్వేలో 139, ఎక్కడైనా 112 లేదా 1098 నంబరుకు ఆలస్యం చేయకుండా ఫోను చేయండి.

ఆగకుండా ఆసుపత్రికి పోవలసిన సూచనలు

పాలు గాని నీళ్ళు గాని తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం, ఫిట్స్ రావడం, లేపినా మత్తుగా ఉండడం, మలంలో రక్తం, కళ్ళు లోపలికి పోవడం, డొక్కలు ఎగరేయడం. ఏడాది దాటిన బిడ్డ నిశ్చలంగా ఉన్నప్పుడు నిమిషానికి 40 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా ప్రమాదమే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "రేపు ఇంటికి పోయాక చూపిద్దాం" అనుకోవద్దు. 108కి ఫోను చేయండి. పట్నంలో పిల్లల కోసమే 1953 నుంచి నిలోఫర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, లక్డీకాపూల్ దగ్గర, రెడ్‌హిల్స్‌లో. కుక్క కరిస్తే, గోరు గీరుకున్నా సరే, సబ్బుతో ధారగా పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకా వేయించాలి.

"ఇంత ఖర్చు పెట్టి ఒక్కటేనా?"

ఈ మాట మాకు తప్పకుండా ఎదురవుతుంది. కూలి మానుకుని, సెలవు పెట్టుకుని, డబ్బు కూడబెట్టుకుని పోయేవారికి రెండు రోజుల్లో రెండే చోట్లు చూడడం నష్టమనిపిస్తుంది. మేము అర్థం చేసుకోగలము. అయితే ఖర్చు లెక్క పూర్తిగా వేయండి. ఆరు చోట్లు తిప్పి, జబ్బు చేసిన బిడ్డతో తిరిగి వస్తే సోమవారం కూలి పోతుంది, మంగళవారం పోతుంది, మందుల ఖర్చు మీద పడుతుంది, తగ్గిన బరువు మళ్ళీ రావడానికి వారాలు పడుతుంది. పెద్దలు చూడాలనుకున్న గోల్కొండ, బజారు ఉంటే విడిపోయి చూడండి. ఇద్దరు బిడ్డతో ఇంటి దగ్గర ఉంటే మిగతావారు వెళ్ళి రావచ్చు, మరునాడు వంతు మారవచ్చు.

మేము సూచించే పద్ధతి ఇది. శనివారం తీరికగా బయలుదేరి మధ్యాహ్నానికి చేరండి. అన్నం, నిద్ర. సాయంత్రం పార్కు. ఎనిమిదింటికల్లా పక్క. ఆదివారం ఉదయం జూ. పదకొండున్నరకు తిరుగుముఖం, అన్నం. మధ్యాహ్నం రైల్లోనే నిద్ర. ఆఖరి రైలు కోసం ఆగితే ఆదివారం రాత్రి పెట్టెలో నిలబడే చోటు కూడా దొరకదు. చీకటి పడేలోగా ఇల్లు చేరితే బిడ్డ తన పక్క మీద పడుకుంటుంది, మీకు కూడా సోమవారం పనికి ఓపిక మిగులుతుంది.

ఇంకొన్నేళ్ళకు ఈ బిడ్డకు జూ గుర్తుండదు, గడియారం బొమ్మ గుర్తుండదు. కానీ నమ్మకం మిగులుతుంది: కొత్త చోటుకు పోయినా ఆకలి వేళకు అన్నం దొరుకుతుంది, నిద్ర వేళకు ఒడి దొరుకుతుంది, చేయి చాస్తే పట్టుకునేవారు ఉంటారు అని. మీరు పెట్టిన ఖర్చుకు ఇంతకంటే మంచి ఫలితం లేదు.

ప్రయాణానికి వారం ముందు ఏ రోజైనా పిల్లల ఓపీకి వచ్చి బిడ్డ బరువు తూయించుకోండి, టీకాల కార్డు చూపించండి, అనుమానాలు అడగండి. మా సిస్టర్లు సంతోషంగా చెబుతారు.

నర్సింగ్ విభాగం తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్